క్లోజింగ్ ముందు ఇంటిమీద లీన్ బయటపడింది, టైల్స్ అతనికి మళ్ళీ మేమే కట్టాలా?

కాకినాడ_కాజా, ఫ్రిస్కో
అందరికీ నమస్తే. ఇక్కడ టెక్సస్‌లో మా ఇల్లు అమ్మకానికి పెట్టాం, బయ్యర్ దొరికారు, వచ్చే నెలాఖరుకి క్లోజింగ్, అంటే డబ్బు, ఇల్లు చేతులు మారే రోజు. నిన్న సాయంత్రం టైటిల్ కంపెనీ (ఇంటి యాజమాన్య రికార్డులు సరిచూసేవాళ్ళు) నుంచి మెయిల్ వచ్చింది. మీ ఇంటిమీద 11,400 డాలర్లకి లీన్ అఫిడవిట్ (రావాల్సిన బాకీకి ఇంటిమీద హక్కుందని చెప్పే ప్రమాణపత్రం) రికార్డయి ఉంది, తీయించి రిలీజ్ కాగితం తెండి అని.

కథ ఇదీ. పోయిన చలికాలంలో కిచెన్, మాస్టర్ బాత్ రీమోడల్ చేయించాం. కాంట్రాక్ట్ 62,000. అందులో 55,000 కాంట్రాక్టర్ చేతికి ఇచ్చేశాం, చెక్కులన్నీ ఉన్నాయి. షవర్ కింద నీళ్ళు కారుతున్నాయని మిగతా 7,000 ఆపాం. అతను వచ్చి చూస్తానన్నాడు, రాలేదు, ఇప్పుడు ఫోనే ఎత్తట్లేదు. లీన్ వేసింది మాత్రం అతను కాదు, టైల్స్ వేసినాయన. మార్చిలో పని అయిపోయింది. రోజూ మా ఇంట్లో మోకాళ్ళమీద కూర్చుని పని చేసిన మనిషి. ఒక్కరోజు కూడా డబ్బుల మాట ఎత్తలేదు. జూన్ 9న కౌంటీలో కాగితం వేశాడు.

నాకు అర్థం కానిది ఏంటంటే, టైల్స్ డబ్బులు నేను కాంట్రాక్టర్‌కి ఇచ్చేశాను. అతను కింద మనిషికి ఇవ్వకపోతే నా ఇంటిమీద పడటం ఏంటి? అతనితో నాకు కాగితమే లేదు. ఇప్పుడు రెండోసారి కడితే తప్ప ఇల్లు అమ్ముకోలేమా?

గుంటూరు_ఘాటు, హ్యూస్టన్
పైసా ఇవ్వకండి. మీకూ అతనికీ ఒప్పందమే లేనప్పుడు ఏ కోర్టూ మిమ్మల్ని ఏం చేయలేదు. ఇది ఉత్త బెదిరింపు. పోలీస్ కంప్లైంట్ ఇవ్వండి.

మానుకోట_పిల్ల, డల్లాస్
కాజా గారూ, జర ఆగండి. పోలీసుల దాకా ఎందుకు. నేను టైటిల్ కంపెనీల ఎస్క్రో డెస్క్ (అమ్మకం డబ్బులు మధ్యల పట్టుకునే డెస్క్) మీద పని చేస్త, ఇసుంటి ఫైళ్ళు నెలనెలా చూస్త. నేను లాయర్‌ను కాదు, ముందే చెప్తున్న.

ఘాటు గారన్నది తప్పు. మీతో ఒప్పందం లేకున్నా సబ్ కాంట్రాక్టర్, మెటీరియల్ ఇచ్చిన షాపు, అందరూ లీన్ వేయొచ్చు. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 53వ చాప్టర్ మొత్తం దీనిగురించే. వాళ్ళ కష్టం మీ గోడల్లో కలిసిపోయింది, ఊడబీక్కొని పోలేరు కాబట్టి ఇంటిమీద హక్కు ఇస్తది చట్టం. కాంట్రాక్టర్ మొత్తం మింగినా సరే.

కానీ హక్కు ఊరికే రాదు, గడువులుంటయి, కాగితాలుంటయి. అందులో ఏదన్నా తప్పితే లీన్ నిలబడదు. అందుకని కట్టాల్నా వద్దా అనే ముందు నాకు నాలుగు సంగతులు చెప్పండి. కాంట్రాక్ట్ ఏ సంవత్సరం రాసుకున్నరు? అది మీరున్న ఇల్లేనా, లేక రెంటల్ ఇల్లా? కాంట్రాక్ట్ మీద ఎవరెవరు సంతకం పెట్టిన్రు? ఆ అఫిడవిట్ మొదటి పేజీ పైన లావు అక్షరాలతో ఏమన్నా రాసుందా?

ఎడిసన్_ఇడ్లీ, న్యూజెర్సీ
ఫాలోయింగ్. మా బావమరిదిది ఇదే గొడవ.

కాకినాడ_కాజా, ఫ్రిస్కో
మానుకోట గారూ, చాలా థ్యాంక్స్. కాంట్రాక్ట్ 2023లో, డిసెంబర్‌లో. మేమున్న ఇల్లే, హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతంగా ఉంటున్న ఇంటికిచ్చే పన్ను మినహాయింపు) కూడా ఉంది. డీడ్ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. సంతకం నేనొక్కడినే పెట్టాను. మా ఆవిడ అప్పుడు చెల్లెలి పెళ్ళికని కాకినాడ వెళ్ళింది. అతను ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద టాబ్లెట్ పెట్టి వేలితో గీకించుకున్నాడు. అఫిడవిట్ పైన లావు అక్షరాలేమీ లేవు. కౌంటీ స్టాంపు, కింద అతని సంతకం, నోటరీ, మా లాట్ నంబరు, అంతే.

మానుకోట_పిల్ల, డల్లాస్
ఇగ వినండి.

టెక్సస్‌ల సొంతంగా ఉంటున్న ఇంటికి రక్షణ రాజ్యాంగంలనే ఉంది. 16వ ఆర్టికల్, 50వ సెక్షన్. హోమ్‌స్టెడ్ మీద రిపేర్, రీమోడల్ పనికి లీన్ చెల్లాలంటే కాంట్రాక్ట్ రాతపూర్వకంగా ఉండాలె, పని మొదలుకాకముందే భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాలె. మూడు రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు మీకుందని అందులనే రాసుండాలె. ఆ సంతకాలు కూడా లెండర్ ఆఫీసులనో, లాయర్ ఆఫీసులనో, టైటిల్ కంపెనీలనో జరగాలె. డైనింగ్ టేబుల్ మీద కాదు. దానిపైన 53వ చాప్టర్ ఆ కాంట్రాక్ట్‌ను కౌంటీ క్లర్క్ దగ్గర ఫైల్ చేయమంటది.

నిజం చెప్పాల్నంటే ఇక్కడ నూటికి తొంభై కిచెన్ కాంట్రాక్టులు ఈ పద్ధతిల జరగవు, ఎవరికీ ఓపిక లేదు. మెయిన్ కాంట్రాక్టర్ రాసుకున్న కాంట్రాక్ట్ సరిగ్గుంటేనే దానికింద సబ్‌కు హోమ్‌స్టెడ్ మీద హక్కు. పైదే చెల్లకపోతే కిందిది ఎట్ల నిలుస్తది?

ఇంకోటి, హోమ్‌స్టెడ్ మీద వేసే అఫిడవిట్‌ల పేజీ పైననే ఒక హెచ్చరిక ఉండాలె: ఇది లీన్ కాదు, లీన్ ఉందని చెప్పుకునే అఫిడవిట్ మాత్రమే, అని. లావు అక్షరాలల్ల. అది లేకుంటే కూడా చెల్లదు. మీ దాంట్ల రెండూ లేవంటున్నరు.

గుంటూరు_ఘాటు, హ్యూస్టన్
నేను చెప్పలా! చెల్లదు. పండగ చేసుకోండి.

మానుకోట_పిల్ల, డల్లాస్
మీరు పోలీసులన్నరు, నేను సంతకం అన్న. రెండూ ఒకటి కాదు ఘాటు గారూ.

పండగ అప్పుడే కాదు. లీన్ చెల్లకపోవుడు వేరు, రికార్డులకెళ్ళి పోవుడు వేరు. మా ఆఫీసుల కూర్చొని ఇది చెల్లదు అని మేం తీర్పు చెప్పలేం. కౌంటీ రికార్డుల కనబడుతున్నంత కాలం బయ్యర్‌కు క్లీన్ టైటిల్ పాలసీ (యాజమాన్యంల లోపాలకు ఇచ్చే ఇన్సూరెన్స్) రాయలేం. కాబట్టి కాగితం తీయించాలె. తొవ్వలు మూడో నాలుగో ఉన్నయి.

ఒకటి, అతనే రిలీజ్ ఇచ్చుడు. లాయర్‌తో లెటర్ రాయించండి, మీ లీన్ ఫలానా కారణాలకు చెల్లదు, ఇన్ని రోజుల్ల రిలీజ్ చేయండి అని. చెల్లని లీన్ అని తెలిసీ మోసానికి వేస్తే సివిల్ ప్రాక్టీస్ కోడ్ 12వ చాప్టర్ కింద 10,000 డాలర్లు లేదా అసలు నష్టం, ఏది ఎక్కువైతే అది పడొచ్చు. కానీ మీ టైల్స్ ఆయన మోసానికి వేసిండని నేననుకోను, దాన్ని బెదిరింపుగ వాడకండి.

రెండు, కోర్టు. చెల్లని లీన్ తీసేయమని సమ్మరీ మోషన్ వేయొచ్చు, మామూలు దావా లెక్క ఏండ్లు పట్టదు. అయినా అవతలోళ్ళకు నోటీసు, జవాబు, హియరింగ్ ఉంటయి. నెలాఖరు క్లోజింగ్‌కు దాన్ని నమ్ముకోవద్దు.

మూడు, బాండ్. ష్యూరిటీ కంపెనీ (పూచీ ఇచ్చే కంపెనీ) దగ్గర బాండ్ తీసి కౌంటీల రికార్డు చేస్తే లీన్ ఇంటిమీదికెళ్ళి బాండ్ మీదికి పోతది. 40,000 లోపు లీన్‌కు రెట్టింపు బాండ్ కావాలె, అంటే మీకు 22,800. ఇల్లు అమ్ముకోవచ్చు, కొట్లాట తర్వాత బాండ్ మీద కొట్లాడుకోవచ్చు.

నాలుగోది మా టేబుల్ మీదనే. అమ్మిన డబ్బులకెళ్ళి కొంత ఎస్క్రోల ఆపి క్లోజింగ్ చేస్తరు. మా దగ్గర మామూలుగ లీన్ మొత్తానికి ఒకటిన్నర రెట్లు ఆపుతం. అందరు అండర్‌రైటర్లూ (పాలసీ వెనకుండే ఇన్సూరెన్స్ కంపెనీలు) ఒప్పుకోరు, బయ్యర్ లెండర్ కూడా ఒప్పుకోవాలె. మీ ఎస్క్రో ఆఫీసర్‌ను ఇయాల్నే అడగండి.

సిలికాన్_సీతయ్య, ఫ్రీమాంట్
టెక్సస్ వాళ్ళు అదృష్టవంతులండీ. కాలిఫోర్నియాలో హోమ్‌స్టెడ్ రక్షణ ఈ విషయంలో ఇలా అడ్డు రాదు. అయితే ఇక్కడ వేరే పట్టులున్నాయి, చదివేవాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నాను.

ఇక్కడ సబ్ కాంట్రాక్టర్లు, సప్లయర్లు పని మొదలైన 20 రోజుల్లోపు ప్రిలిమినరీ నోటీసు పంపాలి. మా ఇంటికి ఏడీయూ (అదే స్థలంలో ఇంకో చిన్న ఇల్లు) కట్టిస్తుంటే మొదటివారంలోనే పైపుల షాపు నుంచి సర్టిఫైడ్ మెయిల్ వచ్చింది. మా ఆవిడ చూసి ఇల్లు జప్తు చేస్తున్నారనుకుని ఏడ్చినంత పని చేసింది. అది లీన్ కాదు. మీ ఇంటికి సరుకు పంపుతున్నాం, మా డబ్బు రాకపోతే మాకు హక్కుంది అని ముందుగా చెప్పడమే. నిజానికి అది మంచి సమాచారం. ఆ కవర్లన్నీ ఒక ఫైల్లో పెట్టుకున్నాను. మీ ఇంట్లో ఎవరెవరు పనిచేస్తున్నారో, ఎవరికి డబ్బు అందాలో ఆ ఫైలే చెప్తుంది. ప్రతి చెక్కు ఇచ్చేముందు ఆ పేర్లు చూసి, వాళ్ళందరి దగ్గర్నుంచీ వెయివర్ (లీన్ హక్కు వదులుకుంటున్నామని రాసిచ్చే కాగితం) తెమ్మన్నాను. చెక్కు చేతికివ్వడానికి ముందు కండిషనల్ వెయివర్, చెక్కు పాసయ్యాక అన్‌కండిషనల్. ఈ ఫారాలు సివిల్ కోడ్‌లోనే అచ్చుగా ఉన్నాయి, సొంత కవిత్వం రాయక్కర్లేదు. పెద్ద మొత్తమైతే కాంట్రాక్టర్, సప్లయర్ ఇద్దరి పేర్లతో జాయింట్ చెక్కు ఇచ్చాను. కాంట్రాక్టర్ మూతి ముడుచుకున్నాడు గానీ తీసుకున్నాడు.

లీన్ వేశాక 90 రోజుల్లో దావా వేయకపోతే ఆ లీన్ అమలుకి పనికిరాదు. అయినా రికార్డులో అలాగే కూర్చుంటుంది. పదిరోజుల ముందు రిలీజ్ చేయమని నోటీసిచ్చి, చేయకపోతే కోర్టులో పిటిషన్ వేయొచ్చు, గెలిచినవాళ్ళకి లాయర్ ఫీజు కూడా వస్తుంది. ఇంకా ముఖ్యం, లైసెన్స్ లేని కాంట్రాక్టర్‌కి ఇక్కడ అసలు డబ్బు అడిగే హక్కే లేదు, ఇచ్చింది కూడా వెనక్కి అడగొచ్చు. హోమ్ ఇంప్రూవ్‌మెంట్ పనికి అడ్వాన్స్ 1,000 డాలర్లు లేదా పది శాతం, ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదు. కాజా గారి 62,000 పనికి ఇక్కడైతే అడ్వాన్స్ వెయ్యే.

గుంటూరు_ఘాటు, హ్యూస్టన్
వెయ్యి డాలర్లకి ఇక్కడ ఎవడూ సుత్తి కూడా ఎత్తడు.

సిలికాన్_సీతయ్య, ఫ్రీమాంట్
ఇక్కడా ఎత్తరు, ఇరవై వేలు అడుగుతారు. చట్టం చూపిస్తే దిగొస్తారు, లేదా వెళ్ళిపోతారు. వెళ్ళిపోయినవాడు వెళ్ళిపోవడమే మేలు.

పెన్నాతీరం, కమ్మింగ్
జార్జియా సంగతి చెప్తా వినండప్పా. మా పక్కింటాయనకు డెక్ కట్టినోడు లీన్ వేసినాడు. ఇక్కడ పని అయిన 90 రోజుల్లోపల వేయాల. మా లాయరు చేసిన పని ఏమంటే, కౌంటీలో నోటీస్ ఆఫ్ కాంటెస్ట్ అని ఒక కాగితం రికార్డు చేసి ఆ డెక్ వాడికి పంపినాడు. అది అందినాక 60 రోజుల్లో దావా వేయకపోతే లీన్ చచ్చిపోతాది. మామూలుగా అయితే వాడికి ఏడాది టైముండేది. ఈ ఒక్క కాగితంతో గడియారం తిప్పేసినారు. వాడు దావా వేయలే. ఫ్లోరిడాలో కూడా ఇదే పద్ధతి ఉంది, మా అన్న టాంపాలో ఉన్నాడు, ఆయనకు తెలుసు.

టెక్సస్‌లో ఇట్లాంటిది లేదా మానుకోట అక్కా?

మానుకోట_పిల్ల, డల్లాస్
మీ లెక్క 60 రోజుల కాగితం మా దగ్గర లేదు పెన్నా గారూ. 2022 జనవరి 1 తర్వాత రాసుకున్న కాంట్రాక్టులకు, లీన్ వేయడానికి ఉన్న ఆఖరు తారీఖు నుంచి ఏడాది లోపల దావా వేయాలె. పాత కాంట్రాక్టులకు ఇంకా ఎక్కువ టైముండె.

కాజా గారి లెక్క చూద్దాం. ఇండ్ల పనిల సబ్ తన పని ఆఖరుగా చేసిన నెల తర్వాత మూడో నెల 15 లోపల అఫిడవిట్ వేయాలె. మార్చి పని అంటే జూన్ 15. జూన్ 9న వేసిండు, గడువులనే ఉంది. కానీ దానికి ముందు ఓనర్‌కు నోటీసు పంపాలె, పని చేసిన నెల తర్వాత రెండో నెల 15 లోపల. మార్చికి మే 15. ట్రాక్ అయ్యే మెయిల్‌ల రావాలె. వచ్చిందా? అఫిడవిట్ వేసినంక ఐదు రోజుల్ల దాని కాపీ కూడా మీకు పంపాలె.

కాకినాడ_కాజా, ఫ్రిస్కో
మేలో ఏమీ రాలేదు. కాపీ కూడా రాలేదు. లేదా వచ్చిందేమో, ఆ సమయంలో మేం స్టేజింగ్ (కొనేవాళ్ళకి చూపించడానికి ఇల్లు సర్దిపెట్టడం) కోసం ఇల్లు ఖాళీ చేసి అపార్ట్‌మెంట్‌కి మారాం. మెయిల్ ఫార్వర్డ్ పెట్టాం గానీ.

మేస్త్రీగారబ్బాయి, ఆస్టిన్
చాలాసేపట్నుంచి చదువుతున్నాను. ఒక్క మాట చెప్పాలనిపించింది, కోపం అనుకోకండి.

మా నాన్న నరసరావుపేటలో తాపీమేస్త్రీ. శనివారం సాయంత్రం బట్వాడా. ఇల్లుగలాయన కాంట్రాక్టర్‌కి ఇచ్చేవాడు, కాంట్రాక్టర్ సోమవారం అనేవాడు. నాన్న కిందున్న నలుగురు కూలీలకి మాత్రం శనివారమే ఇవ్వాలి. మా అమ్మ పోపులపెట్టె డబ్బులు తీసి కట్టిన శనివారాలు నాకు గుర్తున్నాయి. ఆ ఇళ్ళన్నీ ఇప్పటికీ నిలబడే ఉన్నాయి, కొన్నింటి డబ్బులు ఇప్పటికీ రాలేదు. నాన్నకి అప్పుడు లీన్ లాంటిది ఒకటుంటే ఎంత బాగుండేదో.

ఈ చట్టం అమెరికాలో పుట్టిందే అందుకు. వాషింగ్టన్ నగరం కడుతున్నప్పుడు పనివాళ్ళు నమ్మి రావాలని 1791లో మేరీల్యాండ్ వాళ్ళు మొదటి లీన్ చట్టం చేశారు. సంతకం ఒకటే ఉంది, లావు అక్షరాలు లేవు అని కాగితం కొట్టేయొచ్చు, అది మీ హక్కు. కానీ ఆ షవర్‌లో టైల్స్ వేసింది ఆయనే కదా. అతన్ని దొంగ అన్నట్టు మాట్లాడటం నాకు నచ్చలేదు.

గుంటూరు_ఘాటు, హ్యూస్టన్
నేను దొంగ అన్లేదు. కాజా గారు ఒకసారి కట్టారు. ఆయనెందుకు రెండుసార్లు కట్టాలి? మీ నాన్నగారికి బాకీ పడింది కాంట్రాక్టరు, ఇల్లుగలాయన కాదు. జాలి వేరు, లెక్క వేరు.

మేస్త్రీగారబ్బాయి, ఆస్టిన్
కాజా గారి చేతిలో ఇంకా 7,000 ఉన్నాయి. అది ఆయన డబ్బు కాదు, పని చేసినవాళ్ళది. నేనంటున్నది దానిగురించే.

మోడరేటర్
ఇద్దరూ మంచి పాయింట్లే చెప్పారు, ఇక్కడితో ఆపి విషయంలోకి వద్దాం.

మానుకోట_పిల్ల, డల్లాస్
అబ్బాయి గారు మంచి జాగ పట్టుకున్నరు. ఆ 7,000 కథ చెప్త.

టెక్సస్‌ల ఓనర్ కాంట్రాక్ట్ విలువల పది శాతం పని మొత్తం అయినంక 30 రోజుల దాకా చేతుల ఉంచుకోవాలె. చాలామందికి తెల్వదు. ఆ పది శాతం ఎందుకంటే ఇసుంటి సబ్ కాంట్రాక్టర్ల కోసమే. లీన్ చెల్లే ఇండ్లల్ల ఈ పైసలు ఆపకుంటే ఓనర్ ఆ మేరకు మళ్ళీ కట్టాల్సొస్తది. రెంటల్ ఇండ్లున్నోళ్ళు ఇది రాసిపెట్టుకోండి, మీకు హోమ్‌స్టెడ్ గొడుగు లేదు. సెలీనాల ఒకటి, ప్రాస్పర్‌ల ఒకటి కొని పెట్టుకుంటరు మనోళ్ళు, వాటికి రూఫ్ వేయించినా, ఫ్లోరింగ్ మార్పించినా లీన్ గట్టిగనే నిలుస్తది. మీతో డైరెక్ట్‌గ కాంట్రాక్ట్ ఉన్నోనికి రాజ్యాంగం ఇచ్చే లీన్ ఇంకోటి ఉంటది, దానికి కౌంటీల కాగితం కూడా అక్కర్లేదు.

కాజా గారూ, మీ దగ్గర కాంట్రాక్టర్‌కు ఇయ్యాల్సిన 7,000 ఉంది కాబట్టి బేరానికి చోటుంది. లాయర్‌తో కాంట్రాక్టర్‌కు ఒక లెటర్ పంపండి: నీ సబ్ లీన్ వేసిండు, షవర్ కారుతుంది, నీకు రావాల్సిన దాంట్లకెళ్ళి అతనికి కడుతున్న, అభ్యంతరముంటే ఫలానా తారీఖులోపు చెప్పు అని. కాంట్రాక్టర్‌కు చెప్పకుండా మీరే టైల్స్ ఆయనకు నగదు ఇచ్చి చేతులు దులుపుకుంటే రేపు కాంట్రాక్టర్ వచ్చి నా 7,000 ఏదంటడు. చెక్కు కూడా మీరు ఇయ్యకండి, టైటిల్ టేబుల్ మీద ఇప్పించండి. నోటరీ అయిన రిలీజ్ మా చేతికొస్తేనే చెక్కు పోతది, మేమే రికార్డు చేస్తం.

కాంట్రాక్టర్ మీద కోపం ఉంటే దానికీ చాప్టరుంది, 162. మీరిచ్చిన డబ్బు సబ్ కాంట్రాక్టర్ల కోసం ఆయన దగ్గరున్న ట్రస్ట్ సొమ్ము. దాన్ని వేరేదానికి వాడుకుంటే క్రిమినల్ కేసే. పోలీసుల మాట ఎత్తాల్నంటే టైల్స్ ఆయన మీద కాదు, ఇక్కడ ఎత్తాలె.

ఎడిసన్_ఇడ్లీ, న్యూజెర్సీ
మా బావమరిదిదీ ఇదే గొడవ అన్నాను కదా. న్యూజెర్సీలో ఇళ్ళకి నేరుగా లీన్ వేయడానికి వీల్లేదు. పని ఆఖరిసారి చేసిన 60 రోజుల్లోపు అన్‌పెయిడ్ బ్యాలెన్స్ నోటీసు (ఇంత బాకీ ఉందనే నోటీసు) ఫైల్ చేసి ఆర్బిట్రేషన్‌కి, అంటే మధ్యవర్తి దగ్గరికి వెళ్ళాలి. ఆర్బిట్రేటర్ లెక్క తేల్చి ఇంత న్యాయం అన్నాకే లీన్, అదీ 120 రోజుల్లోపు. మా బావమరిది బేస్‌మెంట్ కాంట్రాక్టర్ 18,000 అడిగాడు, ఆర్బిట్రేటర్ ఫోటోలు చూసి 6,500 అన్నాడు. ఫోటోలు తీసి పెట్టుకోవడం అక్కడ బాగా పనికొచ్చింది. డ్రైవాల్ మూసేముందు లోపల వైరింగ్ ఫోటో ఒకటి ఉంటే చాలు, సగం వాదన అయిపోతుంది.

రిటైర్డ్_రిజిస్ట్రార్, హైదరాబాద్
ఆసక్తిగా చదివాను. నేను సబ్ రిజిస్ట్రార్‌గా పనిచేసి రిటైరయ్యాను. మన దగ్గర మేస్త్రీకి గానీ కాంట్రాక్టరుకు గానీ ఇలా ఈసీలో తన పేరు ఎక్కించుకునే వీలు లేదు. కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్‌లో ఉన్న హక్కు చేతిలో ఉన్న వస్తువుకే. వాచీ బాగుచేసినవాడు డబ్బిచ్చేదాకా వాచీ ఆపుకోవచ్చు, ఇల్లు ఆపుకోలేడు. మూడేళ్ళలోపు సివిల్ కోర్టులో డబ్బుకు దావా వేసుకోవాలి, అవతలివాడు ఆస్తి అమ్మేసి తప్పించుకునేలా ఉంటే తీర్పుకు ముందే అటాచ్‌మెంట్ (జప్తు) అడగాలి. ఆ ఆర్డరు వస్తే తప్ప ఈసీలో ఏమీ కనబడదు. మేస్త్రీగారబ్బాయి చెప్పిన శనివారాలు మా ఆఫీసు ముందర కూడా చూశాను.

నాదొక సందేహం. మా అబ్బాయి సెలీనాలో బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొన్నాడు, రెండు నెలలైంది. ఆ బిల్డర్ ప్లంబరుకు డబ్బివ్వకపోతే వీడి మీద పడుతుందా?

మానుకోట_పిల్ల, డల్లాస్
నమస్తే సార్. పడొచ్చు, కానీ మీ అబ్బాయికి క్లోజింగ్‌ల ఓనర్స్ టైటిల్ పాలసీ వచ్చి ఉంటది. ఏదన్నా నోటీసొస్తే వాదించుకుంట కూర్చోకుండ, ఆ రోజే పాలసీ నంబరుతో టైటిల్ కంపెనీకి క్లెయిమ్ పెట్టమనండి. కొన్నది తన తప్పు కాదు, తను పిలిచిన ప్లంబర్ కాదు. తను కొన్నంక సొంతంగ వేయించుకున్న ప్యాటియోకు మాత్రం పాలసీ పని చేయదు.

కాకినాడ_కాజా, ఫ్రిస్కో
అప్‌డేట్.

ప్లేనోలో ఒక లాయర్ని పట్టుకున్నాను, కన్‌స్ట్రక్షన్ కేసులే చూస్తుందావిడ. మానుకోట గారు చెప్పిన రెండు కారణాలూ చూసి తల ఊపింది. అయినా ముందు మోషన్ వేయకుండా టైల్స్ ఆయన్ని ఫోన్లో కలుపుకుంది. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం, వాళ్ళమ్మాయి మాట్లాడింది. కాంట్రాక్టర్ ఆయనకి మా పనిలోనే కాదు, ఇంకో రెండిళ్ళ పనిలో కూడా ఎగ్గొట్టాడట. లీన్ ఫారం ఎవరో వంద డాలర్లు తీసుకుని నింపిచ్చారట, హోమ్‌స్టెడ్ సంగతి ఆయనకి తెలియదు.

లాయర్ లెటర్ కాంట్రాక్టర్‌కి వెళ్ళింది, తారీఖు దాటింది, జవాబు లేదు. షవర్ కారడం వల్ల నాకైన రిపేరు బిల్లు తీసేసి మిగతా 5,800 టైల్స్ ఆయనకి ఇచ్చేట్టు ఒప్పుకున్నాం. రిలీజ్ మీద ఆయన మా ఎస్క్రో ఆఫీసర్ ముందే సంతకం పెట్టి నోటరీ చేయించాడు, చెక్కు అక్కడే అందింది, అదే మధ్యాహ్నం కౌంటీలో రికార్డయింది. మిగతా బాకీకి ఆయన కాంట్రాక్టర్ మీద కేసు వేస్తున్నాడు, నా చెక్కుల కాపీలన్నీ ఆయనకిచ్చాను, పనికొస్తాయని లాయర్ అంది. క్లోజింగ్ నాలుగు రోజులు వెనక్కి జరిగింది, బయ్యర్ ఏమీ అనలేదు.

ఘాటు గారూ, మీ ఫోన్ నంబరుంటే ఇవ్వండి, మీతో కొంచెం వాదించాలనుంది :)

గుంటూరు_ఘాటు, హ్యూస్టన్
5,800 ఎక్కువే ఇచ్చారు. సరే, మీ ఇల్లు మీ ఇష్టం. శుభం.

మేస్త్రీగారబ్బాయి, ఆస్టిన్
కాజా గారూ 🙏

రాజమండ్రి_రోజ్, లూయిస్‌విల్ (టెక్సస్)
ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా, కొత్తది తెరవమంటే తెరుస్తా. పోయినవారం వడగళ్ళ వాన తర్వాత మా సందులో రూఫర్లు వరసగా తలుపులు కొడుతున్నారు. ఒకతను ఇన్సూరెన్స్ డబ్బుతోనే రూఫ్ మొత్తం వేస్తా, డిడక్టబుల్ (క్లెయిమ్‌లో మన జేబులోంచి కట్టే వాటా) మీరు కట్టక్కర్లేదు, ఇక్కడ సంతకం పెట్టండి చాలు అన్నాడు. మా ఆయన ఆఫీసులో ఉన్నారు, నేను పెట్టలేదు. పెట్టొచ్చా? తర్వాత లీన్ వేస్తారా?

మానుకోట_పిల్ల, డల్లాస్
పెట్టకుంట మంచి పని చేసిన్రు. డిడక్టబుల్ మాఫీ అన్నడంటేనే తలుపేయండి. 2019ల చట్టం మార్చిన్రు, ఇన్సూరెన్స్ పనిల డిడక్టబుల్ ఓనర్ కట్టాల్సిందే, మాఫీ చేస్త అన్నోడే నేరం చేస్తున్నట్టు. టెక్సస్‌ల రూఫర్‌కు స్టేట్ లైసెన్స్ ఉండదు, కాబట్టి లైసెన్స్ చూపించు అని అడిగి లాభం లేదు, ఇన్సూరెన్స్ కాగితం, ఇదే ఊర్ల పాత పనులు అడగండి.

సంతకం పెట్టే కాగితంల ఒక లైన్ వెతకండి: ఇంట్ల ఉండేటోళ్ళ ఆరోగ్యానికి, భద్రతకు వెంటనే చేయాల్సిన రిపేర్ అని ఓనర్ ఒప్పుకుంటున్నట్టు. అది ఉంటే మూడు రోజుల రద్దు హక్కు పోతది. నిజంగ నీళ్ళు కారుతుంటే ఉండొచ్చు, షింగిల్స్ (రూఫ్ మీద పరిచే పలకలు) మీద గుంటలు పడ్డందుకే అయితే ఆ లైన్ కొట్టేయమనండి. ఇద్దరూ చదవకుండ పెట్టకండి. పని అయినంక ఆఖరు చెక్కు ముందు అందరికీ కట్టిన అని బిల్స్ పెయిడ్ అఫిడవిట్ అడగండి, అది ఇచ్చుడు ఆయన బాధ్యత, అబద్ధం రాస్తే కేసయితది. షింగిల్స్ ఏ సప్లయర్ ట్రక్‌ల దిగినయో ఆ ట్రక్ మీద పేరు ఫోటో తీసుకోండి, వాళ్ళ దగ్గర్నుంచి కూడా వెయివర్ రావాలె.

కాంట్రాక్ట్ పేజీలు ఇక్కడ పెట్టాలనుకుంటే పేరు, అడ్రస్, క్లెయిమ్ నంబరు చెరిపేసి పెట్టండి. రేపు పొద్దున చూస్త.